తొంభై దాటితే వచ్చే వణుకు

మా నాన్న కారు తాళం ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు. నాకు లైసెన్సు వచ్చి ఏళ్ళు గడిచినా, నేను స్టీరింగు ముందు కూర్చున్నానంటే చాలు, ఆయన పక్క సీట్లో ఉండి లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉండేవాడు. అలాంటివాడు కిందటేడు దసరా వెళ్ళాక ఒక ఆదివారం పొద్దున తాళం తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఇయ్యాల నువ్వే తోలు అమ్మణ్ణీ. నేను సుమ్నే, ఊరికే పక్కన కూర్చుంటా" అన్నాడు. నేను పొంగిపోయాను. ఇన్నాళ్ళకు నా డ్రైవింగు మీద గురి కుదిరిందనుకున్నాను.

మేం పోవలసింది తుమకూరుకు. అక్కడ మా మేనత్త ఉంది. బెంగళూరులో పీణ్యకు పక్కనే దాసరహళ్ళిలో మా ఇల్లు, వీధి దాటితే తుమకూరు రోడ్డే. వీలు దొరికిన ఆదివారం నాన్న చెల్లెల్ని చూసి, దారిలో క్యాత్సంద్రలో పళ్ళెమంత తట్టె ఇడ్లీ తిని రావడం మా ఇంట్లో పండగలాగే ఒక ఆచారం. ఆ ప్రయాణాల కోసమే ఆయన శ్రావణమాసంలో పాత కారు వదిలించుకుని, ఇంకాస్త మంచిదాన్ని, సెకండ్ హ్యాండులోనే, కొన్నాడు. పాత కారు చక్రాలకు నల్లటి ప్లాస్టిక్ మూతలుండేవి. దీనికేమో వెండిరంగు అల్లాయ్ చక్రాలు, పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉండేవి, సందుల్లోంచి లోపలంతా కనపడేది. మా అమ్మకు ఇంజనుతో పనిలేదు, సీట్లతో పనిలేదు. చక్రాలు చూసి మాత్రం మురిసిపోయింది. "వెండి పళ్ళేల మాదిరి ఉండాయి" అంది.

ఆ ఆదివారం నెలమంగల టోలు దాటాక నాన్న రోడ్డు చూడటం మానేసి నా చేతుల్నే చూడటం మొదలుపెట్టాడు. కాసేపు ఓర్చుకున్నాను.

"ఏమప్పా, అట్ల చూస్తా ఉండావు?"

"ఏం లేదు. స్టీరింగులో ఏమన్నా తెలస్తా ఉండాదా?"

"ఏం తెలియాల?"

"అదే, చేతికి వణికినట్ల ఏమన్నా..."

"ఏం లేదే. వెన్న మాదిరి పోతా ఉండాది."

"సరే" అని ఆయన కిటికీ వైపు తిరిగాడు. వచ్చేటప్పుడు క్యాత్సంద్రలో ఒక్క ఇడ్లీతో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ వారమే రాత్రి భోజనాల దగ్గర, "ఈ కారు మనకెందుకులే, అమ్మేద్దాం. మెట్రో ఉండాది, బస్సులు ఉండాయి" అన్నాడు. కొని మూడు నెలలు కాలేదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇక్కడ మా నాన్న చేతి గురించి చెప్పాలి. ఆయన ఉద్యోగ జీవితమంతా పీణ్యలో ఒక చిన్న మిషను షాపులో గ్రైండింగు మిషను మీద గడిచింది. గిర్రున తిరిగే రాతిచక్రం కింద ఇనపముక్కను పెట్టి, వెంట్రుక మందం కూడా తేడా రాకుండా అరగదీసే పని అది. ఆ పనిలో కంటికంటే చెయ్యి ముఖ్యమని ఆయన అంటాడు. మిషను తిరుగుతుంటే దాని మీద అరచెయ్యి ఆనించి, లోపల బేరింగు పోతోందో, రాయి ఒకవైపు బరువు తూగుతోందో చెప్పేసేవాడట. ఇంట్లోనూ అంతే. మిక్సీ, నీళ్ళ మోటారు, ఫ్రిజ్, ఏది చెడినా ముందు దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటాడు. నా చిన్నప్పుడు జ్వరమొచ్చినా అదే పద్ధతి, థర్మామీటరు తర్వాతే.

ఇంకో చెయ్యి కథ కూడా మా ఇంట్లో ఉంది. అది మా పెదనాన్నది. మావాళ్ళంతా తరాలుగా కబ్బన్‌పేటలో పట్టుమగ్గాల వాళ్ళు, నాన్న ఒక్కడే ఇనుము దారి పట్టాడు. మగ్గం మీద పెదనాన్న అంతటివాడు లేడనేవారు. నాన్నకు ఇప్పుడున్న వయసులోనే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట తెగిన పోగు ముడి వెయ్యలేకపోయాడు. తర్వాత అన్నం ముద్ద నోటిదాకా చేరడం కష్టమైంది. వణుకు జబ్బు అన్నారు డాక్టర్లు. చివరి రోజుల్లో పెద్దమ్మ స్పూనుతో తినిపించేది. అది చూసి వచ్చాక మా నాన్న స్పూను పట్టుకోగా నేను చూడలేదు. హోటల్లో ఉప్మాకు, పెళ్ళిలో పాయసానికి కూడా ఆయనకు చెయ్యే. స్పూను తెచ్చిస్తే పక్కకు నెట్టేస్తాడు.

కారు అమ్మకం మాట వచ్చిన కొన్నాళ్ళకు, బట్టలు తియ్యడానికి డాబా మీదికి పోయాను. నాన్న నీళ్ళ ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి, దాని మీద న్యూస్ పేపరు చించిన ముక్క ఒకటి పరుచుకుని, ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నాడు. కాగితం రెపరెపలాడుతోంది. నన్ను చూసి గభాలున పేపరు నలిపి లుంగీ చాటున పెట్టుకున్నాడు. దొంగచాటుగా బీడీ తాగుతూ దొరికిపోయినవాడిలా ఉంది వాలకం.

"ఏం చేస్తా ఉండావప్పా?"

"ఏం లేదు. సుమ్నే."

"సుమ్నే చేతి మీద పేపరు పెట్టుకొని కూర్చుంటారా ఎవురన్నా?"

ఆయన నలిపిన పేపరును ఇంకాస్త నలిపాడు. తర్వాత ట్యాంకు వైపు చూస్తూ, "మీ పెదనాన్నది నాకూ వచ్చినట్లుండాది" అన్నాడు.

నేల మీద కూర్చుండిపోయాను. అడగ్గా అడగ్గా ఒక్కొక్కటే బయటికి వచ్చింది. నాకు తాళం ఇచ్చే ముందు, దసరా అయ్యాక ఆయన ఒక్కడే ఒకసారి తుమకూరు వెళ్ళొచ్చాడు, ఆ రోజు హైవే మీద స్టీరింగు పట్టుకున్న చేతుల్లో వణుకు తెలిసిందట. కారులో తప్పేమో అనుకున్నాడు ముందు. కానీ శ్రావణంలో ఇదే కారు ఇదే రోడ్డు మీద గాజు మీద జారినట్టు పోయింది.

"మా షాపులో ఒక లెక్క ఉండాది. నిన్న బాగుండిన మిషను ఇయ్యాల చెడిందంటే, నడుమ ఎవురు చెయ్యి పెట్టినారని అడగాల. ఈ బండికి ఎవురూ చెయ్యి పెట్టలేదు. సర్వీసుకు ఇయ్యలేదు. పంక్చరు పడలేదు. గుంతలో దిగలేదు. అట్లయితే చెడింది మిషను కాదు, దాన్ని పట్టుకొన్న చెయ్యి. అయినా చూద్దామని నీకు ఇచ్చినా. నువ్వు ఏం లేదంటివి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరు. దుఃఖం వచ్చినా అది ముందు కోపంగానే బయటికొస్తుంది. సరిగ్గా అప్పుడే మా వీధి చివర మెట్రో రైలు పోయింది. డాబా మీది బకెట్టు హ్యాండిలు గలగలమంది.

"మెట్రో పోతే మన ఇల్లే వణకతా ఉండాది. దాంట్లో ఈ గాలి ఒకటి. ఇట్లాంటి చోట కూర్చొని చేతి మీద పేపరు పెడితే భీముడికి కూడా జబ్బుందనే తేలతాది!" అని అరిచాను. ఆయన నవ్వలేదు. అప్పుడు కాస్త తగ్గి, ఆఫీసులో అడిగినట్టు అడిగాను. నేను మారతహళ్ళిలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పు ఎక్కడుందో అని బెంగపడటం నా పని కాదు, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అని నిలదీయడం నా పని.

"ఎప్పుడు వణకతాది?"

"చెప్తిని గదా, హైవేలో."

"ఎంత స్పీడులో?"

"తొంభై దాటితే."

"అరవైలో?"

"లేదు."

"అన్నం తినేటప్పుడు? చొక్కా గుండీలు పెట్టుకొనేటప్పుడు?"

ఆయన తన చేతిని ఒకసారి చూసుకుని, "లేదు" అన్నాడు.

"అయితే ఈ జబ్బు స్పీడోమీటరు చూసుకొని వస్తుందా అప్పా? తొంభై అయింది, ఇంక నేను లేస్తానని?"

"నువ్వు తోలినప్పుడు రాలేదు గదా!"

"నేను ఏ పొద్దు డెబ్బై దాటించినాను? లారీల వెనక పోయి లారీల వెనకే వచ్చేదాన్ని!"

ఆయన మొహంలో ఏదో కదిలింది. కానీ అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అంత తొందరగా వదలదు. "స్పీడు పెరిగితే స్టీరింగు గట్టిగా పట్టుకొంటాము గదా. బిగించినప్పుడే నరం తప్పు బయటపడతాదేమో. మీ పెదనాన్నకూ పోగు బిగించేటప్పుడే మొదట తెలిసింది" అన్నాడు. ఇక తొంభైలో నేను పట్టుకుని చూడటం ఒక్కటే దారి.

చెప్పడం తేలికే. బెంగళూరులో తొంభై అనేది రక్తపోటులో తప్ప ఇంకెక్కడా చూడం. మా రోడ్ల మీద నాలుగో గేరు వేసే భాగ్యమే అరుదు, ఐదోది కారుకు అలంకారం. పైగా నాకు వేగమంటే భయం. ఆ భయాన్ని జాగ్రత్త అని పిలుచుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. ఆ వచ్చిన ఆదివారం తెల్లారగానే, ఇడ్లీకి పోయి వస్తామని అమ్మకు చెప్పి బయల్దేరాం.

నెలమంగల దాటి, డాబస్‌పేట దాటాక రోడ్డు తిన్నగా సాగింది. లారీలు పలచబడ్డాయి. నేను కుడివైపు లేనులోకి వచ్చి యాక్సిలరేటరు తొక్కాను. డెబ్బై. డెబ్బై అయిదు. నాన్న రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని తల వంచుకుని కూర్చున్నాడు. ఎనభై. స్టీరింగు నా చేతుల్లో నిశ్చలంగా ఉంది. అంతవరకు నన్ను నడిపించిన కోపం ఆ క్షణంలో చల్లారిపోయి, భయం మొదలైంది. లారీల భయం కాదు. తొంభైలో కూడా ఇది ఇలాగే ఉంటే ఈయనకు ఏమని చెప్పను? అబద్ధం చెప్పనా? చెబితే నమ్ముతాడా? కారు బాగుండాలని పూజలు చేయించేవాళ్ళను చూశాను. నేను మాత్రం ఆ పొద్దు, దేవుడా, ఈ కారు చెడిపోయి ఉండేటట్టు చూడు అని మొక్కుకున్నాను.

ఎనభై అయిదు. ఏమీ లేదు. ముల్లు తొంభైని తాకి, ఇంకాస్త పైకి జరిగింది. స్టీరింగు మెల్లగా సణిగింది. ఫోను గుప్పిట్లో పట్టుకున్నప్పుడు మోగితే ఎలా ఉంటుందో అలా. తర్వాత ఇంకాస్త గట్టిగా, మోచేతుల దాకా.

"వణకతా ఉండాది! అప్పా, వణకతా ఉండాది!" అని కేకపెట్టాను. కారు చెడిందని తెలిసి అంత సంతోషించిన మనిషి ఆ హైవే మీద నాకు ముందు ఉండి ఉండదు.

నాన్న చంకల్లోంచి చేతులు తీశాడు. ఒక చెయ్యి నెమ్మదిగా చాచి డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మిక్సీ మీద పెట్టినట్టే, నా నుదుటి మీద పెట్టినట్టే. చూస్తుండగానే ఆయన గొంతు మారిపోయింది.

"స్పీడు తగ్గించొద్దు. క్లచ్చి తొక్కి పట్టు."

తొక్కాను. ఇంజను చప్పుడు తగ్గింది, వణుకు మాత్రం అలాగే ఉంది.

"ఇంజను కాదు. క్లచ్చి వదులు. బ్రేకు మీద కాలు ఊరికే ఆనించు. ఎక్కువైందా?"

"లేదు."

"బ్రేకూ కాదు. నీ సీటు కదలతా ఉండాదా? స్టీరింగొకటేనా?"

"స్టీరింగొకటే."

"అయితే ఎనక చక్రాలు కావు. ముందరివి. స్వల్ప పెంచు చూద్దాం."

నూరు దగ్గరికి పోయేసరికి వణుకు పలచబడింది. తగ్గించి తొంభైకి వస్తే మళ్ళీ మొదలైంది. ఆయన సీటుకు చేరగిలబడి, "బ్యాలెన్సు. చక్రం ఒకపక్క బరువు తూగతా ఉండాది. గ్రైండింగు రాయి తూగితే అచ్చం ఇట్లనే ఉంటాది" అన్నాడు. ఆ రాళ్ళను సరితూచి బిగించడం ఆయన జీవితమంతా చేసిన పని. అదే వణుకు తన చేతికి వస్తే మాత్రం గుర్తుపట్టలేకపోయాడు. భయం మనిషినే కాదు, మనిషి విద్యను కూడా దాచేస్తుందని ఆ రోజు చూశాను.

క్యాత్సంద్రలో ఆయన ఇడ్లీ మీద ఇడ్లీ తెప్పించుకున్నాడు. తిన్నాక హోటలు ముందు, చెట్టు నీడన ఆపిన కారు దగ్గర గొంతుక్కూర్చుని, ముందు చక్రం రేకుల సందులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమాడు. అలాగే ఆగిపోయాడు.

"ఈడ జిగురు ఉండాది. నలుచదరంగా. ఏదో అతికించి ఉండింది, ఇప్పుడు లేదు."

రెండో వైపూ అంతే. వెనక చక్రాల్లో వేలు పెడితే మాత్రం చదరపు బిళ్ళలు వరుసగా, గట్టిగా అతుక్కుని ఉన్నాయి. చక్రంలో తేలిక వైపును సరితూచడానికి టైర్ల షాపువాళ్ళు అతికించే చిన్న చిన్న లోహపు బిళ్ళలు అవి. ముందు చక్రాల్లోవి ఒక్కటీ లేవు.

"ఊడిపోయినాయేమో అప్పా."

"రెండు చక్రాలకీ, ఒకేసారా? ఎవురో పీకినారు. నడుమ ఎవురో చెయ్యి పెట్టినారు."

ఎవరు పెట్టారు? మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నేల మీద గోనెపట్టా వేసుకుని, పక్కన చింతపండు గిన్నె, కొబ్బరిపీచు పెట్టుకుని ముందు చక్రం ముందు కూర్చున్న మా అమ్మ! ఆయుధపూజ!

మా వైపు ఆయుధపూజంటే మాటలు కాదు. పీణ్యలో ఆ రోజు ప్రతి షెడ్డు ముందూ అరటి పిలకలు, పగిలిన గుమ్మడికాయలు, చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు. ఇంట్లో కత్తిపీట, కత్తెర, కుట్టుమిషను, స్క్రూడ్రైవరు, చివరికి నా ల్యాప్‌టాప్ కూడా బొట్టు పెట్టించుకోవలసిందే. మురికి మీద బొట్టు పెడితే దేవుడు మెచ్చడని అమ్మ సిద్ధాంతం. అందుకని ముందు రోజు అన్నీ తళతళలాడేలా తోముతుంది. నాన్న మెకానిక్కులను లెక్కవేశాడు, పంక్చర్లను లెక్కవేశాడు. పూజను చెయ్యి పెట్టడం కింద ఎవరు లెక్కవేస్తారు? పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మేం ఇల్లు చేరేసరికి అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాన్న చెప్పులు కూడా విడవకుండా అడిగాడు.

"ఏమే, ఆయుధపూజకు కారు చక్రాలు తోమితివా?"

"తోమకుండా పూజ చేస్తారా? ముందర రెండూ బాగా తోమినా. అప్పటికి మోకాళ్ళు పట్టేసుకున్నాయి, ఎనకవాటికి నీళ్ళు పోసి ఊరుకున్నా. ఏం, మెరుపు పోయిందా?"

"లోపల బూడిదరంగు బిళ్ళలు ఉండె. చూసినావా?"

"ఓ, అవా! ఎవురో నమిలిన బబుల్‌గమ్ము అంటించినట్ల, ఎంత అసహ్యంగా ఉండె! వెండి మాదిరి చక్రానికి ఆ కర్మేంటికని కత్తితో గీకి తీసినా. చచ్చేంత పనయింది."

"ఏడ పడేసినావు?"

"పడేస్తానా? మంచి బరువుగా ఉండె. దేవుడి మంటపం ఒక కాలు పొట్టిది గదా, ఎప్పుడూ ఊగతా ఉండె. దాని కింద పెట్టినా. ఇప్పుడు దీపం కదలను కూడా కదలదు!"

నాన్న దేవుడి మూలకు నడిచి, వంగి మంటపం కాలు కిందికి చూశాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్ళలు. కారులో ఉండవలసిన బ్యాలెన్సు మొత్తం మా దేవుళ్ళ కింద ఉంది. ఆయన అక్కడే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నవ్వాడు. ఆ నీళ్ళు నవ్వువే కావని నాకు తెలుసు. అమ్మకు తెలియదు కనుక, "ఏమయిందే మీ అప్పకు?" అని నన్ను కసిరింది.

చెప్పాను. డాబా మీద పేపరు ముక్కతో సహా అంతా చెప్పాను. అమ్మ చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తన వల్ల కారు చెడిందన్న సంగతి ఆమెకు పట్టలేదు.

"ఇన్ని దినాలు ఇది లోపల పెట్టుకొని నా పక్కనే పండుకొంటివా?" అంది ఆయనతో. "నేను గీకిన దానికి నీ చేతిని అనుమానిస్తివా? నాకు ఒక మాట చెప్పింటే, ఆ పొద్దే ఈ బిళ్ళలు తెచ్చి నీ ముందర పోసిందును గదా!"

"నీకు బేజారవుతుందని..."

"చెప్పకపోతే బేజారు కాదా?" అని అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, కోపంగా చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. మా నాన్న ఏం చెయ్యాలో తెలియనివాడిలా కాసేపు నిలబడి, తర్వాత ఆమె పక్కన కూర్చుని తానూ ఒక గుప్పెడు తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి గిన్నెడు గింజలు ఒలిచారు. నేను అక్కడ ఉండటం బాగుండదని లేచి వచ్చేశాను.

మరునాడు హెసరఘట్ట రోడ్డులో టైర్ల షాపుకు పోయాం. ముందు చక్రాలు రెండూ విప్పి ఒక్కొక్కటే మిషనుకు తగిలించి తిప్పితే, ఎక్కడ ఎంత బరువు తగ్గిందో తెర మీద చూపించింది. షాపతను బిళ్ళల పట్టీ కత్తిరించాడు. "నేను అంటిస్తా, ఇయ్యప్పా" అని నాన్న అడిగి తీసుకున్నాడు. అతను పని తగ్గిందని సంతోషించాడు. నాన్న రిమ్ము లోపల పాత జిగురంతా గుడ్డతో తుడిచి, గుర్తు పెట్టిన చోట బిళ్ళ ఆనించి, బొటనవేలితో ఒత్తి పట్టాడు. వేలు గుర్తు దగ్గర్నుంచి ఇటూ అటూ జరగలేదు. మిషను మళ్ళీ తిప్పితే తెర మీద రెండు వైపులా సున్నాలు వచ్చాయి.

అక్కడి నుంచి ఇంటికి రాకుండా, తిన్నగా నెలమంగల వైపు పోయాం. తాళం నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. ముల్లు తొంభైని తాకింది. తొంభై అయిదు. స్టీరింగు మీద ఆయన పట్టు మెల్లగా వదులై, చివరికి వేళ్ళు మాత్రమే మిగిలాయి. కారు దాని దారిన అది పోతోంది. "గాజు మాదిరి ఉండాది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కిటికీలోంచి దుమ్ము పడిందని కళ్ళు నలుపుకున్నాను. కిటికీ మూసే ఉంది.

అయినా ఆయన్ను వదల్లేదు. పెనుభూతానికి మళ్ళీ చోటివ్వకూడదని అమ్మా నేనూ చెరోవైపు పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. డాక్టరు చేతులు చాపించాడు, వేళ్ళు ఆడించమన్నాడు, నడవమన్నాడు, సున్నాలు చుట్టమన్నాడు. "ఇప్పుడైతే ఆ జబ్బు లక్షణాలేం లేవు. మీ అన్నగారికి ఉండేది కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి" అన్నాడు. ఇప్పుడైతే అన్న మాట నా చెవిలో కాస్త గుచ్చుకుంది. నాన్న మాత్రం బయటికొస్తూ, "ఏ మిషనుకైనా అంతే గదా. ఇప్పుడు బాగుందనే చెప్పగలం. రేపటిది రేపు చెయ్యి పెట్టి చూడాల" అన్నాడు.

ఈ ఏడు ఆయుధపూజ వచ్చింది. ముందు రోజు అమ్మ గోనెపట్టాతో దిగగానే, నాన్న కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కాపలా కూర్చున్నాడు. అమ్మ ఆయన్ను చూసి మూతి తిప్పి, బిళ్ళలున్న చోటు వదిలి చుట్టూ తోమింది. పూజనాడు ఆ బిళ్ళలకు కూడా ఒక్కొక్కదానికి బొట్టు పెట్టింది. కిందటేటివి మంటపం కాలు కిందే ఉన్నాయి, వాటినెవరూ కదపలేదు. కత్తిపీట, కత్తెర, ల్యాప్‌టాప్, కారు, అన్నీ అయ్యాయి. గుమ్మడికాయ పగలగొట్టాను. నిమ్మకాయల మీదుగా నాన్న కారు ముందుకు జరిపి దిగాడు.

అమ్మ కుంకుమ భరిణె మూత పెట్టబోయి ఆగింది. "ఒకటి మర్చిపోతిని" అంది. ఏదని నేను చుట్టూ చూశాను. ఆమె నాన్న దగ్గరికి పోయి, ఆయన కుడిచెయ్యి పట్టుకుని తిప్పి, అరచేతిలో పసుపు రాసి, నడుమ కుంకుమబొట్టు పెట్టింది. వీధిలో అందరూ చూస్తున్నారు. నాన్నకు సిగ్గేసింది.

"పెడితే పెట్టు గానీ, గీకొద్దు" అన్నాడు.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన కూర్చుని, ఆ బొట్టును ఒకసారి చూసుకుని, నన్ను స్పూను తెమ్మన్నాడు. నాకు సరిగ్గా వినపడలేదేమోననుకుని నిలబడిపోయాను. "స్పూనమ్మా, స్పూను. చెయ్యి కడిగితే బొట్టు పోతాది గదా" అన్నాడు. తెచ్చిచ్చాను. అమ్మ వడ్డించడం ఆపి చూస్తోంది. ఆయన చారన్నం నిండుగా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. "ఏం చూస్తా ఉండారు, మజ్జిగ తెండి" అన్నాడు.